చిందుగ చెట్టు కింద ఉసిరికాయలు

కార్తీకం మొదలైన వారానికి వ్యాను భాయ్ ఫోన్ చేశాడు.

"అమ్మా, ఈసారి అడవికి ఏ ఆదివారం అనుకుంటున్నారు? వేరే కిరాయిలు అడుగుతున్నారు. మీది తేలితే మిగతావాళ్ళకి మాటిస్తాను."

ఇన్నేళ్ళలో ఆ ఫోన్ ఎప్పుడూ నాకు రాలేదు. మా వీధి మొగలో ఉండే పిన్నిగారికి వెళ్ళేది. ఆవిడ "పోనిద్దూ, రెండో ఆదివారం పెట్టెయ్యి" అనేది. అంతటితో వీధి మొత్తానికీ వనభోజనాల ముహూర్తం ఖాయమైపోయేది. పిన్నిగారు భాద్రపదంలో పోయింది. ఆ సంగతి భాయ్‌కి తెలియనిది కాదు, శ్మశానం దాకా నడిచినవాళ్ళలో అతనూ ఉన్నాడు. "రేపు చెప్తాను భాయ్" అన్నాను. "చెప్పండమ్మా, తొందరేం లేదు" అన్నాడు గానీ ఫోన్ పెట్టెయ్యలేదు. నేనూ పెట్టెయ్యలేదు.

పిన్నిగారంటే మాకు చుట్టరికం ఏమీ లేదు. నేను పెళ్ళయి బందరు నుంచి తిరువూరు కాపురానికి వచ్చిన కొత్తలో, వీధిలో ఎవర్ని ఏమని పిలవాలో తెలియక తికమకపడుతుంటే ఆవిడే మా గుమ్మంలోకి వచ్చి తేల్చేసింది. "నన్ను పిన్నీ అను. అత్తయ్యా అంటే నీకు భయం, అక్కా అంటే నాకు సిగ్గు" అంది. పొట్టి మనిషి. ఎప్పుడూ నేత చీరే. ముక్కుకి ఒంటిరాయి ముక్కుపుడక. ఎవరింటికి వెళ్ళినా గడప దాటకముందే, "నేను కూర్చోను, పనుంది" అని చెప్పి, గంటసేపు కూర్చునేది.

ఆ మొదటి వేసవిలో వాళ్ళ తోట నుంచి మాకు బుట్టెడు మామిడిపళ్ళు పంపింది. విస్సన్నపేట రోడ్డులో వాళ్ళకి తోట ఉంది. సాయంత్రం ఆవిడ కనిపిస్తే, మర్యాదగా ఉంటుందని, "మీ బంగినపల్లి భలే ఉన్నాయి పిన్నిగారూ" అన్నాను. అవి కలెక్టరు పళ్ళు. కొన ముక్కులాగా వంకర తిరిగి ఉండే కలెక్టరుకీ బంగినపల్లికీ తేడా ఈ ప్రాంతంలో పాలుతాగే పిల్లలకి తప్ప అందరికీ తెలుసు. ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, "అవునమ్మా, కాస్త మూతి పొడుగు బంగినపల్లి" అంది. అసలు సంగతి మా ఆయన చెప్తే తెలిసింది. నాకు తల తీసేసినట్టయింది. పరిగెత్తుకుంటూ వెళ్ళి, "అప్పుడే చెప్పొచ్చు కదండీ" అని దెబ్బలాడాను. "పోనిద్దూ, తియ్యగా ఉన్నాయా లేదా?" అంది.

ఈ "పోనిద్దూ" ఆవిడ ఊతపదం. బస్సు రాకపోతే పోనిద్దూ. పనిమనిషి మానేస్తే పోనిద్దూ. ఒకసారి దర్జీ ఆవిడ జాకెట్టుకి ఒక చెయ్యి పొడుగ్గా, ఒక చెయ్యి పొట్టిగా కుట్టిచ్చాడు. ఆవిడ దాన్ని వెనక్కి ఇవ్వకుండా, పొట్టి చేతి వైపు పైట లాక్కుని పెళ్ళికి వచ్చేసింది. "అతని భార్య పురిటికెళ్ళిందట. మనిషి మనసు ఇక్కడుందా ఏంటి, పాపం" అంది. నాకు ఒళ్ళు మండేది. తప్పు కనిపిస్తే అనకుండా ఉండడం నా వల్ల కాదు, ఇప్పటికీ కాదు. నా నోటికి అడ్డూ ఆపూ లేదని మా అత్తగారే కాదు, నేను పాఠాలు చెప్పే స్కూల్లో కూడా అందరూ అంటారు. అలాంటి నేను ఈవిడ వెనక ఎలా పడ్డానో నాకే తెలియదు.

ఆ అడవి ఎ.కొండూరు అవతల, రోడ్డు దిగి మట్టిబాట పట్టుకుంటే వస్తుంది. ఒకప్పుడు జమీందార్లు వేటకని ఉంచుకున్నదట. ఊరివాళ్ళు ఎండుపుల్ల ఏరుకున్నా ఒప్పుకునేవారు కాదట. తర్వాత సర్కారు చేతికి వచ్చింది. ఇప్పుడు గేటు దగ్గర టికెట్టు తీసుకుని ఎవరైనా లోపలికి వెళ్ళొచ్చు. తొండాలు విరిగిన రాతి ఏనుగులున్న రెండు స్తంభాలు, పైకప్పు కూలిన వేట బంగళా, ఒక దిగుడుబావి, ఇవే ఆ కాలానివి. మిగతాదంతా చెట్లే. బందరు వైపు పుట్టిన నాకు చెట్టంటే కొబ్బరి, తాడి, సరుగుడు. ఇక్కడి టేకూ మద్దీ తునికీ అన్నీ నాకు ఒక్కలాగే కనిపించాయి. రాలిన ఆకుల మీద నడుస్తుంటే అప్పడాలు నలిగినట్టు చప్పుడు. మొదటిసారి ఆ నీడలోకి వెళ్ళినప్పుడు కాసేపు నేను మాట్లాడ్డం మానేశానని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద దీపం పెట్టి, ఆ చెట్టు నీడలోనే వండుకున్నది తినాలి. అందుకని మా వీధి వాళ్ళంతా ఏటా ఒక ఆదివారం ఆ అడవికి వెళ్ళేవాళ్ళం. అక్కడ మాకంటూ ఒక ఉసిరిచెట్టు ఉండేది. దాన్ని "బాబాయిగారి ఉసిరి" అనేవాళ్ళం. బాబాయిగారంటే పిన్నిగారి భర్త. ఆరడుగుల మనిషి, గొంతు కూడా అంతే. నేను కాపురానికి రాకముందెప్పుడో వీధి వాళ్ళు మొదటిసారి అడవికి వెళ్ళినప్పుడు ఉసిరిచెట్టు ఎంత వెతికినా దొరకలేదట. పొద్దెక్కింది, పిల్లలు ఆకలని ఏడుపు. అప్పుడు బాబాయిగారు గట్టు మీద నిలబడి, దూరంగా సన్నాకుల చెట్టొకటి చూపించి, "అదిగో ఉసిరి! చెట్టు కింద పుట్టినవాణ్ణి, నాకు తెలియదా?" అన్నారట. అంతే, చాపలు పరిచేశారు, దీపాలు వెలిగించేశారు. అప్పటి నుంచి ఏటా అదే చెట్టు.

నేను వెళ్ళిన మొదటి ఏడు ఒక సంగతి గమనించాను. వ్యాను గేటు దగ్గర ఆగీ ఆగగానే పిన్నిగారు చెప్పులు విడిచేసి, గుడ్డ కప్పిన వెదురుబుట్ట చంకన పెట్టుకుని, "నేను పోయి చోటు ఊడ్చి ఉంచుతా, మీరు నెమ్మదిగా రండి" అని ముందుకి పరుగు. ఆ వయసులో ఆ నడక చూసి తీరాలి. చోటు ఊడుస్తానని వెళ్ళిన మనిషి చీపురు వ్యానులోనే మర్చిపోయింది. కొత్తకోడల్ని, మంచిపేరు తెచ్చుకుందామని చీపురు పట్టుకుని వెనకాలే వెళ్ళాను.

పిన్నిగారు చెట్టు చుట్టూ తిరుగుతూ బుట్టలోంచి ఉసిరికాయలు తీసి చల్లుతోంది. ఒకచోట నాలుగు, ఒకచోట రెండు. గుట్టగా పడినవాటిని కాలితో దూరంగా జరుపుతోంది.

"చీపురు తెచ్చాను పిన్నిగారూ" అన్నాను.

ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"రాలాయి" అంది నేల వైపు చూపించి.

"మీ బుట్టలోంచి రాలుతున్నాయి."

ఆవిడ గబగబా వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "అమ్మాయ్, నీ నోరు నాకు తెలుసు. ఈ ఒక్క సంగతికీ దానికి తాళం వెయ్యి. ఇది ఉసిరి కాదు, చిందుగ. ఆకు చూస్తే ఉసిరిలాగే ఉంటుంది. మా పుట్టింటి దొడ్లో ఉసిరి చెట్ల మధ్య పెరిగినదాన్ని, నాకు తెలియదా? బాబాయిగారికి తెలియదు. మామిడయితే కళ్ళు మూసుకుని చెప్తారు. మిగతావన్నీ ఆయనకి పచ్చగా ఉంటాయి, అంతే."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదండీ?"

"ఎప్పుడు చెప్పను? అంతమందిలో అనేశారు కదమ్మా. దీపాలు కూడా పెట్టేశారు." ఆవిడ దారి వైపు చూసి గొంతు తగ్గించింది. "మొదట్లో నేనూ ఊరుకున్నా. కాయ లేదేమని ఎవరన్నా అడిగితే, వానలు పడలేదనో, కోతులు తినేశాయనో ఆయనే ఏదో ఒకటి చెప్పేవారు. ఒక ఏడు ఎవరో చుట్టపాయన వచ్చి, ఏం బావగారూ, మీ ఉసిరి గొడ్డుదా అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పూట ఆయన విస్తరి ముందు కూర్చుని, కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసి లేచారు. నేను చూడలేకపోయానే."

ఆ మరుసటి ఏడు నుంచీ చెట్టు కాయడం మొదలుపెట్టిందన్నమాట.

"దేవుడి సంగతేంటి మరి? ఉసిరి లేకుండా దీపం పెడితే?" అన్నాను, ఇంకా వదలకుండా.

ఆవిడ బుట్ట అడుగు నుంచి కాయలున్న ఉసిరికొమ్మ తీసింది. బజార్లో కార్తీకానికి అమ్ముతారే, అది. చెట్టు మొదట్లో మట్టి తవ్వి గుచ్చి, చుట్టూ పసుపూ కుంకుమా వేసి, ముందు ప్రమిద పెట్టింది. "దేవుడికి కొమ్మ, ఆయనకి చెట్టు. ఇద్దరూ నాకు కావలసినవాళ్ళే" అంది.

ఈలోగా అందరూ వచ్చేశారు. పిల్లలు కాయలు చూసి కేకలు. బాబాయిగారు నడుం మీద చెయ్యి వేసుకుని, చేటంత మొహం చేసుకుని, "నేను చెప్పలా? ఈ ఏడు వానలు బాగా పడ్డాయి, అందుకే కాసింది" అన్నారు. పిన్నిగారు పులిహోర గిన్నె మూత తీస్తూ నా వైపు చూసింది. నేను గారె ఒకటి నోట్లో కుక్కుకున్నాను.

తర్వాత ఎన్ని కార్తీకాలు అలా గడిచాయో. ఏటా నేను చేసే పని ఒకటే. వ్యాను దిగాక ఎవరూ తొందరపడి ముందుకి పోకుండా చూడటం. ఒకసారి చెప్పు తెగిందన్నాను. ఒకసారి దిగుడుబావిలో తాబేలుందని అందర్నీ అటు తీసుకెళ్ళాను. నిజంగానే ఉంది, నా అదృష్టం. బాబాయిగారు ఆ చెట్టు గురించి ఉపన్యాసం మొదలుపెట్టినప్పుడల్లా నా నాలుక దురద పెట్టేది. కొరుక్కునేదాన్ని. నోరు మూసుకోవడం అనే విద్య నేను ఆ చెట్టు కింద నేర్చుకున్నాను, అది కూడా ఏడాదికి ఒక్కరోజు.

మొదట్లో నాకు ఇదంతా చాదస్తంగా ఉండేది. పెద్దాయన, మంచి రైతు, చెట్టు పేరు తప్పు చెప్తే కొంప మునుగుతుందా? కానీ చూడగా చూడగా, కార్తీకం వస్తోందంటే పిన్నిగారు పడే హైరానా, ఉసిరికొమ్మలు బజారుకి రావడం ఆలస్యమైతే ఆవిడకి నిద్రపట్టకపోవడం, వాడినకాయలు కాకుండా చెట్టు మీంచి అప్పుడే రాలినట్టుండేవి ఏరుకోవడం, ఇవన్నీ చూశాక చాదస్తం అనుకోవడం మానేశాను. ఒక మనిషి ఇంకో మనిషి పరువుని అంత జాగ్రత్తగా, అంత ఇష్టంగా కాపాడుకోవడం నేను మరెక్కడా చూడలేదు. ఆవిడంటే నాకు ప్రాణం. ఈ ముక్క ఆవిడ ఉండగా నేను ఎప్పుడూ అనలేదు. అంటే "పోనిద్దూ" అనేది.

నిన్న భాయ్‌కి రెండో ఆదివారమని చెప్పేశాను. చెప్పినప్పటి నుంచీ నాకు బాబాయిగారు మంచాన ఉన్న ఏడే కళ్ళముందు తిరుగుతోంది.

ఆ ఏడు వానాకాలంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. అంత గొంతూ పోయి, మాట ముద్దగా, ఒక్కొక్కటీ వెతుక్కున్నట్టు వచ్చేది. పిన్నిగారు అడవికి రానంది. బాబాయిగారు ఒప్పుకోలేదు. "చెట్టు దగ్గర... ఎవరు కూర్చుంటారు? వెళ్ళు. ఫొటోలు... తీసుకురా" అన్నారు. ఆయన్ని చూసుకోవడానికి మనిషిని పెట్టి ఆవిడ బయల్దేరింది. వ్యానులో దారంతా ఒళ్ళో బుట్ట పెట్టుకుని ఒక్క మాటా మాట్లాడలేదు.

ఎప్పటిలాగే ఆవిడ ముందు వెళ్ళింది. నేను మిగతావాళ్ళని కాసేపు ఆపి, వెనకే వెళ్ళాను. ఆవిడ చెట్టుకి దూరంగానే నిలబడిపోయి ఉంది. బుట్ట మీద గుడ్డ కూడా తియ్యలేదు.

ఆ ఏడు అడవిలో చెట్లకి పేర్లు పెట్టారు. సరిగ్గా మా చెట్టు ముందు, ఇనపకమ్మీకి ఆకుపచ్చ రేకు బోర్డు. దాని మీద తెల్లటి పెద్ద అక్షరాలతో "చిందుగ" అని రాసుంది. కింద ఇంగ్లీషులో ఏదో పొడవాటి పేరు.

"ఫొటోలు తీసుకురమ్మన్నారే" అంది పిన్నిగారు. అంతవరకూ ఆవిడ మొహంలో భయం నేను చూడలేదు. బాబాయిగారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా చూడలేదు.

నేను ఏదో అనేలోపే వెనక నుంచి అందరూ వచ్చేశారు. బోర్డు చూశారు. ఇంతమంది, ఇంకేముంది, ఎవరో ఒకరు పైకి చదువుతారు, ఎవరో ఒకరు నవ్వుతారు, ఊళ్ళోకి వెళ్ళేసరికి ఆ మాట బాబాయిగారి మంచం దాకా పోతుంది అనుకున్నాను. ఎవరూ కిమ్మనలేదు. ఒకరి మొహాలు ఒకరు కూడా చూసుకోలేదు. ఎదురింటి ముసలమ్మగారు చాప దులిపి, ఎప్పుడూ పరిచే చోటే పరిచి, "ఏంటలా నిలబడిపోయారు? గాలి లేస్తోంది, దీపాలు పెట్టండి" అంది.

అప్పుడు నాకు బుర్ర వెలిగింది. వీళ్ళంతా పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పొలాల్లో, తోటల్లో తిరిగినవాళ్ళు. ఉసిరికీ చిందుగకీ తేడా తెలియనిదెవరికి, బందరు నుంచి వచ్చిన నాకు తప్ప? ఇన్నేళ్ళూ రహస్యమంతా నా ఒక్కదాని నెత్తిమీదే ఉందనుకుని ఎంత గొప్పపడ్డానో.

వ్యాను భాయ్ నీళ్ళ క్యాను దింపి, చేతులు తుడుచుకుని, భుజం మీది ఎర్ర తువ్వాలు తీశాడు. దులిపాడు. ఎవరి వైపూ చూడకుండా వెళ్ళి దాన్ని బోర్డు మీద వేశాడు. రెండు చివర్లూ లాగి సరిచేశాడు.

"తడిసిందమ్మా, ఆరేస్తున్నా" అన్నాడు. అక్కడ చుక్క ఎండ లేదు.

పిన్నిగారు ఇంకా కదల్లేదు. ఎదురింటి ముసలమ్మగారు మోకాళ్ళు పట్టుకుని లేచి, ఆవిడ దగ్గరికి వెళ్ళి, బుట్ట మీది గుడ్డ తీసి, గుప్పెడు కాయలు తీసుకుని చెట్టు కిందికి విసిరింది. మా తోడికోడలు ఇంకో గుప్పెడు. తర్వాత అందరూ. మగవాళ్ళు కూడా, దేవుడి మీద అక్షింతలు వేసినట్టు వేశారు. భాయ్ ఒకటి తీసుకుని, చెట్టు మొదట్లో జాగ్రత్తగా పెట్టాడు. పిన్నిగారు పైట నోటికి అడ్డం పెట్టుకుని నిలబడే ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. ఆ తర్వాత ఫొటోలు తీశాను. చెట్టు, చెట్టు కింద కాయలు, దీపాలు, ఎర్ర తువ్వాలు.

సాయంత్రం తిరువూరు వచ్చాక నేనూ భాయ్ గిన్నెలు మోసుకుంటూ పిన్నిగారి వెంట వాళ్ళింటికి వెళ్ళాం. బాబాయిగారు హాల్లో నవారు మంచం మీద, గుమ్మం వైపు తల తిప్పుకుని ఎదురుచూస్తున్నారు. పిన్నిగారు కాళ్ళు కడుక్కుని వచ్చి మంచం పక్కన కూర్చుంది. నేను ఫోన్ ఆయన కళ్ళముందు పట్టుకున్నాను. ఆయన చాలాసేపు చూశారు. ఎడమచేతి వేలితో ఫొటో పెద్దది చెయ్యమని సైగ చేశారు.

"తువ్వాలు..." అన్నారు.

"నాదేనండి బాబాయిగారూ. ఆరేసుకున్నా" అన్నాడు భాయ్ గుమ్మం దగ్గర నుంచి.

ఆయన తలాడించారు. "కాయలు... బాగా రాలాయే" అన్నారు.

"బోలెడు" అంది పిన్నిగారు, నేల చూస్తూ.

బాబాయిగారు బాగున్న చెయ్యి దుప్పటి మీద అటూ ఇటూ కదిపారు. వెతుకుతున్నారని అర్థమై ఆవిడ తన చెయ్యి అందించింది. ఆయన పట్టుకున్నారు. వంకర తిరిగిన మూతిలో నవ్వు సగమే వచ్చింది.

"ఈ ఏడు..." అని ఆగారు. ఊపిరి తీసుకున్నారు. "బజార్లో ఉసిరికాయలు... ప్రియమా? చవకా?"

నేను ఫోన్ పట్టుకున్న చెయ్యి దించలేదు. గుమ్మం దగ్గర భాయ్ కూడా కదల్లేదు. పిన్నిగారు తలెత్తి, ఇన్నేళ్ళలో మొదటిసారి చూస్తున్నట్టు ఆయన వైపు చూసింది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"చవకేనండీ" అంది.